ఓడడానికి పరుగెత్తే గుర్రం

కళాశాల వార్షిక సంచికలో గుర్రప్పందేల మీద వ్యాసమేమిటని అధ్యాపక మిత్రులు కొందరు నొసలు చిట్లించవచ్చు. నల్లమాడ వాడికి రేసులతో ఏం పని అని నా తోటి పూర్వ విద్యార్థులు నవ్వనూ వచ్చు. పని ఉంది. ధర్మవరంలో రైలెక్కితే పెనుకొండ, హిందూపురం దాటుకొని బెంగుళూరు చేరతాం. స్టేషన్లో దిగినవాడు నడిచి పోగలిగినంత దూరంలోనే అక్కడి రేసుకోర్సు. చెనిక్కాయ పంట పోయిన ఏడు కూలికని పోయినవాళ్లు, పట్టుచీరెల బాకీ వసూలుకు పోయినవాళ్లు, పుస్తకాలు కొనుక్కొస్తామని హాస్టల్ గదుల్లోంచి బయల్దేరినవాళ్లు, వీళ్లలో కొందరైనా ఏదో ఒక నగరంలో ఏదో ఒక రేసుకోర్సు గేటు దాటి లోపలికి పోయినారు. తిరిగొచ్చినాక వాళ్ల నోట నేను విన్న మాట మాత్రం ఒక్కటే. “గుర్రం ఓడిపోలేదప్పా, ఓడించినారు.”

ఈ ఒక్క మాటను గురించే నాలుగు ముక్కలు రాయాలని నా కోరిక. జూదం చెడ్డదని చెప్పడానికి మహాభారతం ఉండనే ఉంది, దానికి నా వ్యాసం అక్కర్లేదు. ఏ క్లబ్బు, ఏ గుర్రం, ఏ జాకీ అన్నది కూడా రాయను. రుజువు చేతిలో లేకుండా ఒకరి పేరు అచ్చులో వేయడం కూడా ఒక రకం మోసమే.

గుర్రం విషయంలో మోసపోవడం మన సీమకు కొత్త కాదులెండి. పెనుకొండ కోటను ఏలిన విజయనగర ప్రభువులకు హొర్ముజు నుంచి, ఏడెన్ నుంచి ఓడల్లో గుర్రాలొచ్చేవి. సాళువ నరసింహరాయలు చచ్చిన గుర్రానికీ బతికిన గుర్రానికీ ఒకే ధర కట్టేవాడనీ, సముద్రంలో చచ్చినదాని తోక తెచ్చి చూపిస్తే చాలు, డబ్బిచ్చేవాడనీ నూనిజ్ అనే పోర్చుగీసు వర్తకుడు రాసి పెట్టినాడు. తోక చూసి డబ్బిచ్చిన రాజుగారిని తలచుకుంటే మనవాళ్ల మీద నాకు కొంచెం జాలి తగ్గుతుంది. వీళ్లు కనీసం గుర్రాన్నయినా చూసినారు.

ఓడినవాడి అనుమానంలో సగం ఏడుపే. ఆ సంగతి ముందే ఒప్పుకుందాం. గుర్రం యంత్రం కాదు. దానికి కడుపునొప్పి వస్తుంది, వాన పడి నేల మెత్తబడితే కాలాడదు, పక్క గుర్రం తోసుకొస్తే బెదురుతుంది. ఫేవరెట్ ఓడిన ప్రతిసారీ జాకీ కళ్లెం బిగబట్టినాడనడం అన్యాయం. ప్రాణాలు అరచేతిలో పెట్టుకొని స్వారీ చేసే ఆ బక్కపలచని కుర్రవాళ్లను, గెలరీలో కూర్చొని పల్లీలు నములుతూ దొంగలనడం నాకెప్పుడూ రుచించలేదు.

కానీ తక్కిన సగం ఏడుపు కాదు. అది ఆట కట్టుబాట్లలోనే ఉంది. ఎక్కువ పందేల్లో గుర్రాలన్నీ ఒకే బరువు మోయవు. ఇదివరకు బాగా పరుగెత్తినదానికి ఎక్కువ బరువు, వెనకబడినదానికి తక్కువ బరువు పెడతారు. దీన్నే హ్యాండీకాప్ అంటారు. అన్నిటికీ సమానమైన అవకాశం ఉండాలన్నది ఉద్దేశం, మంచిదే. అయితే దాని వెనకనే ఒక ఆశ కూచోనుంది. నాలుగుసార్లు వెనకబడితే గుర్రం రేటింగు దిగుతుంది, మోయవలసిన బరువు దిగుతుంది, దానికి కాసేవాళ్లు ఉండరు గనక బుకీ ఇచ్చే ధర పెరుగుతుంది. అయిదోసారి నిజంగా పరుగెత్తిస్తే? తెలిసిన నలుగురికీ పండగ, తెలియని నాలుగువేలమందికీ ఉపవాసం.

మన జాతరల్లో బండలాగుడు చూడండి. ఇచ్చిన సమయంలో ఏ జత ఎక్కువ దూరం లాగితే దానికే బహుమతి. ఈ ఏడు ఓడిన ఎద్దులకు వచ్చే ఏడు బండ తేలిక చేస్తామని ఎవరూ అనరు. అందుకే అక్కడ కావాలని ఓడాలన్న బుద్ధి యజమానికి పుట్టదు. రేసులో మాత్రం ఓడడానికి కూడా ఒక ఖరీదుంది.

ఇది నా ఊహ కాదు. ఐర్లండులో 1975 జూన్ 26న బెల్లెవ్స్‌టౌన్ అనే చిన్న ఊళ్లో ఎల్లో శామ్ అనే గుర్రం గెలిచింది. దాని యజమాని బార్నీ కర్లీ అంతకుముందు దాన్ని దానికి నప్పని ట్రాకుల మీదనే పరుగెత్తించి బరువు తగ్గించుకున్నాడు. ఆ రేసుకోర్సులో ఉన్న ఒకే ఒక్క టెలిఫోను పెట్టెలో ఆయన మనిషి దూరి, చుట్టమెవరో చావుబతుకుల్లో ఉన్నట్టు మాట్లాడుతూ రేసు మొదలయ్యేదాకా బయటికి రాలేదు. బయటి ఊళ్ల బుకీలు కబురు చేసి ధర తగ్గించుకోలేకపోయినారు. ఒకటికి ఇరవై చొప్పున మూడు లక్షల పౌండ్లకు పైగా వచ్చింది. ఉక్రోషం కొద్దీ బుకీలు ఒక్క పౌండు నోట్లుగా, నూటెనిమిది సంచుల్లో చెల్లించినారట. చట్టం తప్పిందని ఎవరూ నిలబెట్టలేకపోయినారు. ఐర్లండులో నేటికీ ఈ కథ చెప్పుకొని నవ్వుకుంటారు. నాకూ నవ్వొస్తుంది. అయితే అంతకుముందు ఎల్లో శామ్ పరుగెత్తిన రోజుల్లో దాని మీద తన వారపు కూలి కాసిన ఐరిష్ పాలేరు ఎవడైనా ఉంటే, వాడు నవ్వి ఉంటాడా?

అదే దేశంలో 2018 అక్టోబరులో ట్రామోర్‌లో వైకింగ్ హోర్డ్ అనే గుర్రం పందెం మధ్యలోనే నిలిచిపోయింది. పరీక్ష చేస్తే ఒంట్లో మత్తుమందు దొరికింది. అది ఓడుతుందని ముందే ఎవరో పెద్ద మొత్తాలు కాసినారు. అక్కడ ఇంటర్నెట్లో గుర్రం గెలుస్తుందనే కాదు, ఓడుతుందని కూడా కాయవచ్చు. గుర్రాన్ని కాపలా లేకుండా వదిలినందుకు 2021లో ట్రైనరు లైసెన్సును ఆరునెలలు నిలిపివేసినారు. మందు పెట్టిన చెయ్యి ఎవరిదో తేలలేదు. ఎల్లో శామ్ కాలంలో ఓడించి తర్వాత గెలిపించాలి. ఇప్పుడు ఓడిస్తే చాలు!

ఇక మన దేశం సంగతి. సికింద్రాబాదులో ఒక క్లబ్బులో రమ్మీ ఆడినవాళ్ల కేసులో 1967లో సుప్రీంకోర్టు రమ్మీ ప్రధానంగా నైపుణ్యం మీద ఆధారపడిన ఆట అన్నది. ఆ దారినే 1996 జనవరిలో, మద్రాసు గుర్రప్పందేలను గురించి వచ్చిన లక్ష్మణన్ కేసులో, గుర్రప్పందెం కూడా నైపుణ్యమే, కేవల అదృష్టం కాదని తీర్పు చెప్పింది. గుర్రం వంశం, శిక్షణ, జాకీ నేర్పు, ఇదివరకటి పరుగులు, ఇవన్నీ చదివి తెలివితో కాయవచ్చునన్నది దాని సారం. దేశంలో రేసు క్లబ్బులు ఈనాడు తలెత్తుకొని నిలబడింది ఈ తీర్పు మీదనే.

అసలు తిరకాసు ఇక్కడే ఉందని నా అభిప్రాయం. గుర్రాన్ని కావాలని వెనకబెడితే దాని పాత పరుగుల లెక్క అబద్ధమవుతుంది. అబద్ధపు లెక్కను రాత్రంతా కూచొని చదివినవాడి నైపుణ్యం ఏం కాను? వాడి కంటే కళ్లు మూసుకొని నంబరు మీద వేలు పెట్టినవాడే నయం. కాబట్టి ఆపి నడిపిన ప్రతి గుర్రమూ టికెట్టు కొన్నవాడి జేబునే కాదు, సుప్రీంకోర్టు ఇచ్చిన పునాదిని కూడా కొంచెం కొంచెంగా తవ్వుతున్నది. ఈ సంగతి మనకంటే ముందు క్లబ్బుల పెద్దలకు తెలియాలి.

తెలియదని కాదు. ప్రతి గుర్రమూ శక్తికొద్దీ పరుగెత్తి తీరాలని నిబంధన ఉంది. స్టీవార్డులున్నారు, కెమెరాలున్నాయి, విచారణలు జరుగుతాయి, జాకీలకు శిక్షలు పడతాయి. లేనిదల్లా సామాన్యుడికి అర్థమయ్యే జవాబు. విచారణ నివేదికల్లో తరచు కనబడేది “వివరణ నమోదు చేసుకున్నాము” అన్న ఒక్క వాక్యం. ఏం వివరణ? దాన్ని నమ్మినారా, నమ్మలేదా? పరీక్షలో ఫెయిలయిన కుర్రవాడికైనా మార్కులు చూపిస్తాం గదా!

హాంగ్‌కాంగ్‌లో గుర్రం పొద్దుటి సాధన, దాని వైద్యుడి రికార్డు, స్టీవార్డుల నివేదిక, అన్నీ ఎవరైనా చూడవచ్చు. అక్కడ అనుమానాలు లేవని కాదు, అనుమానించేవాడి చేతిలో కాగితం ఉంది. మనకూ అదే కావాలి. జాకీకి యజమాని, ట్రైనరు ఏమని చెప్పి పంపినారు, గుర్రం వెనకబడితే ఏ కారణం చెప్పినారు, దాన్ని స్టీవార్డులు ఎందుకు ఒప్పుకున్నారు, ఆ రోజు బుకీల ధర ఎప్పుడెప్పుడు మారింది, ఈ నాలుగూ వారం తిరక్కుండా బయటపెట్టాలి. బెంగుళూరులోనైనా, మలక్‌పేటలోనైనా, గిండీలోనైనా. ఇంగ్లీషులో మటుకే కాకుండా కన్నడంలో, తెలుగులో, తమిళంలో కూడా వేయాలి. హిందూపురం రైల్లో వచ్చి టికెట్టు కొనేవాడి డబ్బును ఏ భాషదని ఎవరూ అడగడం లేదు గదా.