కాలేయానికి వారం వర్జ్యం లేవు

ఫ్యామిలీ గ్రూపుల్లో మాటిమాటికీ తిరిగే పట్టిక ఒకటుంది. రాత్రి 11 నుంచి 1 దాకా పిత్తాశయం, 1 నుంచి 3 దాకా కాలేయం, 3 నుంచి 5 దాకా ఊపిరితిత్తులు ‘డీటాక్స్’ చేసుకుంటాయట. ఆ వేళకు గాఢనిద్రలో లేకపోతే విషాలన్నీ ఒంట్లోనే ఉండిపోతాయట. చివర్లో కొసమెరుపు: మన రుషులు ఎప్పుడో చెప్పిందే 2017లో నోబెల్ ఇచ్చి ఒప్పుకున్నారట!

అసలు ఈ పట్టిక మన రుషులది కాదు, పాత చైనా వైద్యానిది. వాళ్లు రోజును రెండేసి గంటల చొప్పున పన్నెండు ముక్కలు చేసి, పన్నెండు నాడీమార్గాలకు తలా ఒకటి పంచిపెట్టారు. లెక్క సరిపోవాలి కదా, రాత్రి 9 నుంచి 11 దాకా ‘మూడు పొయ్యిలు’ అనే అవయవానికి ఇచ్చారు. శవాన్ని కోసి చూసిన ఏ డాక్టరుకూ అది కనిపించలేదు. పైగా ఒంటిగంట అంటే ఎవరి ఒంటిగంట? మన దేశమంతటికీ ఒకటే టైము, అదీ కాకినాడ దగ్గరగా పోయే 82.5 డిగ్రీల రేఖాంశాన్ని బట్టి. అరుణాచల్ తూర్పు అంచున సూర్యుడు ద్వారకలోకన్నా దాదాపు రెండు గంటల ముందే ఉదయిస్తాడు.

ఇక నోబెల్. హాల్, రోస్‌బాష్, యంగ్ అనే ముగ్గురు అమెరికన్లు పండ్ల ఈగల్లో ఒక జన్యువును పట్టుకున్నారు. అది చేయించే ప్రోటీను రాత్రంతా కణంలో పోగుపడి, చివరికి ఆ జన్యువునే ఆపేస్తుంది. ప్రోటీను కరిగిపోయాక జన్యువు మళ్లీ మొదలెడుతుంది. ఈ చక్రానికి సుమారు 24 గంటలు. అందులో రుషులూ లేరు, డీటాక్సూ లేదు.

కాలేయానికి గడియారం ఉన్నమాట మాత్రం నిజం. జెనీవాలో యూలీ షిబ్లర్ బృందం 1990లో ఎలుకల కాలేయంలో డీబీపీ అనే ప్రోటీనును గమనించింది. సాయంత్రం పుష్కలంగా ఉండేది, పొద్దున చూస్తే దాదాపు శూన్యం. చిట్టెలుకల కాలేయంలో కరిగే ప్రోటీన్లలో 20 శాతం దాకా ఇలా రోజూ ఎక్కి దిగుతాయని 2006లో మరో బృందం లెక్క తేల్చింది. (బతికున్న మనిషి కాలేయాన్ని గంటగంటకూ కోసి చూడలేం గనక ఎలుకలే దిక్కు.) అన్నిటికన్నా రుచికరమైన సంగతి 2000లో బయటపడింది. రాత్రి తిరిగే చిట్టెలుకలకు పగలు మాత్రమే తిండి పెట్టారు. కొద్ది రోజుల్లో వాటి కాలేయపు గడియారం తలకిందులైంది. వెలుతురును చూసి నడిచే మెదడు గడియారం మాత్రం కదల్లేదు. అంటే కాలేయానికి ముహూర్తం పెట్టేది కంచంలోని తిండే.

విషాల సంగతీ అంతే. అమ్మోనియాను యూరియాగా మార్చడం, సారాను విరగ్గొట్టడం రాత్రింబవళ్లు సాగే పనులు. జోరు కొంత పెరుగుతుంది, తగ్గుతుంది గాని, మధ్యాహ్నం తాగినవాణ్ణి రాత్రి ఒంటిగంట దాకా ఆగమని కాలేయం అనదు.

దేహగడియారం రాహుకాలానికి రుజువు అనేవాళ్లూ ఉన్నారు. సోమవారం ఉదయం ఏడున్నరకు వచ్చే రాహుకాలం మంగళవారం మధ్యాహ్నం మూడింటికి దూకుతుంది. కాలేయంలోని ప్రోటీన్లు అలా దూకవు, వాటికి వారాలు లేవు. బ్రాహ్మీ ముహూర్తం పేరు చెప్పి, రాత్రి పదకొండు దాకా స్టడీ అవర్ నడిపి, తెల్లారి నాలుగున్నరకే పిల్లల్ని లేపే హాస్టళ్లున్నాయి. కౌమారంలో దేహగడియారమే ఆలస్యంగా నడుస్తుంది. అలా లేపడం క్రమశిక్షణ కాదు, నిద్ర దొంగతనం.

నైట్ డ్యూటీ చేసే నర్సుకు, వాచ్‌మన్‌కు ఈ పట్టిక భయం తప్ప మరేమీ ఇవ్వదు. రాత్రి షిఫ్టు నిజంగానే హానికరం. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2007లోనే దాన్ని ‘బహుశా క్యాన్సర్ కారకం’ అన్న జాబితాలో చేర్చింది. దానికి పరిష్కారం డ్యూటీ చార్టులో వెతకాలి, కషాయాల్లో కాదు. కొవిడ్ కాలంలో తిప్పతీగ తాగి కాలేయం చెడగొట్టుకున్నవాళ్ల గురించి ముంబై వైద్యులు 2021లో రాశారు.

కళ్లు పచ్చబడినా, కాళ్లు వాచినా డాక్టరుకు చూపించుకొని లివర్ ఫంక్షన్ టెస్టు చేయించుకోండి. రాహుకాలంలో అయినా చేస్తారు.