జలాశయములకు లోతే కొలత

కోస్తా తీరమందలి సరస్సులలో ఏది పెద్దదని పాఠశాలలో అడిగినచో బాలురు కొల్లేరనియో పులికాటనియో తడవుకొనక చెప్పుదురు. వారికి పుస్తకములు నేర్పిన కొలత చదరపు కిలోమీటరు. ఒంటిమిట్టలో, సీతమ్మ దప్పి తీర్చుటకై రాముడు బాణము నాటి జలము రప్పించెనని స్థలపురాణము చెప్పుకొను ఈ మెట్ట సీమలో, ఆ కొలత చాలదు. నీరు ఎంత మేర పరచుకొన్నదను దానికంటె ఎంత నిలిచినదనునదియే మాకు ముఖ్యము. చెరువు నిండినదని విన్నంతనే మా రైతు అడుగు ప్రశ్న ఒక్కటే: ఒక కారు పండునా, రెండు కార్లు పండునా?

ఆ రైతు దృష్టితోనే తీరపు సరస్సులను ఒకమారు లెక్కించి చూతము. కొల్లేటి అభయారణ్యమునకు 1999లో అయిదవ కాంటూరు హద్దుగా నిర్ణయింపబడినది; ఆ మేర వైశాల్యము 308 చదరపు కిలోమీటర్లు. ఉప్పునీటి సరస్సులలో చిల్కాకు తరువాత దేశమున ద్వితీయస్థానము వహించు పులికాటు వైశాల్యము ఋతువును బట్టి మారుచుండును గాని, 450 చదరపు కిలోమీటర్లని స్థూలముగా గ్రహింపవచ్చును. దాని సగటు లోతు సుమారు ఒక మీటరు. కొల్లేటికిని అంతే లోతు కల్పించి గుణించినచో, కొల్లేట 11 టి.ఎం.సి.లు, పులికాట 16 టి.ఎం.సి.లు తేలును. పెన్నానది మీది సోమశిల నిలువ సామర్థ్యము 78 టి.ఎం.సి.లు. అనగా, మహాసరస్సులని మనము చదువుకొన్న ఆ రెండును కలిసి, కొండల నడుమ ఇమిడియున్న ఒక్క జలాశయములో ఇంచుమించు మూడవవంతు మాత్రమే. ఆ జలాశయము కొరకు మా ఒంటిమిట్ట, నందలూరు ప్రాంతముల పల్లెలు మునిగినవి. ఆనకట్టయు, దాని క్రింద పచ్చబడిన పొలములును నెల్లూరు సీమవి. ఈ మాట అసూయతో చెప్పుట లేదు. జలరాశిని లెక్కించునప్పుడు దానికై ఊళ్లు విడిచినవారిని కూడ లెక్కలో చేర్చవలెనని చెప్పుచున్నాను.

లోతు తక్కువైనంత మాత్రమున తీరపు సరస్సులు అల్పములు కావు. పలుచని నీరే పులికాటునకు రాజహంసలను రప్పించుచున్నది. బుడమేరు, తమ్మిలేరు వరదలను తన యొడిలోనికి తీసికొని ఉప్పుటేటి మీదుగా సముద్రమునకు సాగనంపుట కొల్లేటి ధర్మము. అయినను, ఆ ధర్మము నెరవేరవలెనన్నచో సరస్సు గర్భమున చోటుండవలెను. శాసనము రక్షించినది కాంటూరు రేఖను, అనగా వైశాల్యమును. చేపల చెరువుల గట్లును, ఏటేట దిగబడు ఒండ్రును హరించినది ఘనపరిమాణమును. 2006లో ఆ గట్లను తొలగించిరి గాని, పటములోని గీత చెక్కుచెదరకుండగనే ఒక సరస్సు లోలోపల పూడిపోవచ్చునను సత్యమును మన చట్టములు ఇప్పటికిని గుర్తింపలేదు.

మన పూర్వులు గుర్తించిరి. కడప సీమయందలి పోరుమామిళ్ల చెరువును గూర్చి విజయనగర రాజపుత్రుడైన భాస్కరుడు 1369లో వేయించిన సంస్కృత శాసనము చెరువునకు కావలసిన పండ్రెండు అంగములను, వర్జింపవలసిన ఆరు దోషములను చెప్పుచున్నది. చెరువు గర్భము విశాలమును అగాధమును కావలెనని దాని విధి. ఈ రెండు గుణములలో ఒకటి మాత్రము చాలునని అది చెప్పలేదు. నడుమ మిట్టయుండుట, చవుడు నేలయగుట, నీరు కొంచెమై సాగుభూమి అధికమగుట దోషములలో చేరినవి. కట్ట పొడవు, ఎత్తు, వెడల్పు లెక్కవేసి రాతిమీద చెక్కించిన ఆ నిష్ఠను చూచి నేను గర్వించుదును. ఆరువందల యేండ్ల తరువాత, మన గ్రామముల చెరువులకు ఆయకట్టు ఎకరములు దస్తావేజులలో ఉన్నవి. నేటికి ఎంత నీరు పట్టునో చెప్పు లెక్క మాత్రము రైతునకు అందుబాటులో లేదు.

ఘనపరిమాణమును మరచుట ప్రాణాపాయము కూడ. 2021 నవంబరు 19న చెయ్యేటి మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి పులపత్తూరు, మందపల్లి మున్నగు ఊళ్లను ముంచెత్తినప్పుడు, ఆ జలాశయము పట్టు నీరు రెండు టి.ఎం.సి.లకు కొంచెము మాత్రమే ఎక్కువ. ఈ కొలతల బలమెంతటిదో రాజంపేట ప్రాంతీయులకు ఎవరును బోధింపనక్కరలేదు.

కావున నా కోరిక ఇది. కొల్లేరు, పులికాటు మొదలుకొని మా ఊరి చెరువు వరకు, నీరడుగంటిన వేసవిలో గర్భమును కొలిపించవలెను; కట్టిననాడు పట్టిన నీరెంత, నేడు పట్టునది ఎంత, పూడిక మ్రింగినది ఎంత అను మూడు అంకెలను తూము దగ్గర రాతిమీద చెక్కించి, పత్రికలలోను ప్రకటింపవలెను. పూడికతీతకు ధనము కేటాయించునప్పుడు ఆ అంకెలే ప్రమాణము కావలెను. మొరవ పోయిన సంవత్సరములలో సంతోషించి ఊరకుండుట మానవలెను. ఇది మహావ్యయముతో కూడిన పని కాదు. ప్రభుత్వము ఆజ్ఞ యిచ్చి, నీటి సంఘములు ముందునకు వచ్చినచో, ఒంటిమిట్ట చెరువుతో ఈ వేసవిలోనే దీనిని ఆరంభింపవచ్చును.