మెదడు గురించి సర్కారుకేం పని?

మెదడు ఆరోగ్యం అనగానే మన ఐటీ జనాలకి గుర్తొచ్చేవి సుడోకు, బాదంపప్పు, ఫోన్లో బ్రెయిన్ ట్రైనింగ్ గేములు. ఇది ఎవరికి వాళ్ళు చూసుకోవాల్సిన సొంత వ్యవహారం, ఇందులో ప్రభుత్వానికేం పని అని మా టీములో చాలామంది అంటుంటారు. నేను అస్సలు ఒప్పుకోను. ఎందుకో చెప్తా.

ముందు ఆ గేముల సంగతి. ల్యుమోసిటీ అని ఒకటుంది. అది ఆడితే వయసుతో వచ్చే మతిమరుపు దూరమవుతుందని ప్రచారం చేసుకున్నారు. ఆధారాల్లేకుండా అలా ఎలా చెప్తారని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ పట్టుకుంటే, 2016లో 20 లక్షల డాలర్లు కట్టి రాజీ పడ్డారు.

మరి నిజంగా పనికొచ్చేవేంటి? డిమెన్షియాకి దారితీసే, మనం మార్చగలిగే కారణాలు 14 ఉన్నాయని 2024లో లాన్సెట్ కమిషన్ తేల్చింది. బీపీ, షుగరు, కొలెస్ట్రాల్, పొగ, మందు, తలకి దెబ్బలు, చిన్నప్పుడు చదువు లేకపోవడం, వినికిడి తగ్గడం, ఒంటరితనం, గాలి కాలుష్యం... ఇలాంటివన్నీ. వీటన్నిటినీ సరిచేయగలిగితే డిమెన్షియా కేసుల్లో దాదాపు 45 శాతం రాకుండా ఆపొచ్చు, లేదా వెనక్కి నెట్టొచ్చు అని వాళ్ళ అంచనా.

ఇప్పుడు చెప్పండి, ఇందులో నేనొక్కణ్ణే చెయ్యగలిగేవి ఎన్ని? పొగ మానేస్తా, సరే. గాలి? పల్లెలో బడి? హెల్మెట్ లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా, మూడు నెలలు లైసెన్సు సస్పెన్షన్ అని 2019లో చట్టం సవరించారు. అయినా మనవాళ్ళ హెల్మెట్ తలమీద కన్నా పెట్రోల్ ట్యాంకు మీదే ఎక్కువ కనిపిస్తుంది! చట్టం ఉంటే చాలదు, అమలు చేసేవాళ్ళు కావాలి.

మన దేశంలో అరవై దాటినవాళ్ళలో సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వచ్చిన అంచనా. ఇళ్ళల్లో మనం దానికి పెట్టుకున్న పేరు "చాదస్తం". తాతయ్యకి చెవులు వినపడకపోతే గట్టిగా అరుస్తాం, తర్వాత విసుగొచ్చి మాట్లాడటమే మానేస్తాం. చెవుడుకి ఒంటరితనం తోడైంది. పై లిస్టులో రెండూ ఉన్నాయి. అవగాహన అంటే పోస్టర్లు కాదండీ, ఇది జబ్బు కావచ్చు, డాక్టరుకి చూపించాలి అని ఇంట్లోవాళ్ళకి తెలియడం.

పరిశోధన సంగతికొస్తే, మన హైదరాబాద్ నిమ్స్‌లో 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు చూసి 2013లో ఒక పేపరు వేశారు. ఒకే భాష వచ్చినవాళ్ళ కంటే రెండు, అంతకన్నా ఎక్కువ భాషలు మాట్లాడేవాళ్ళలో జబ్బు నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైంది. బడి ముఖం చూడనివాళ్ళలోనూ ఆ తేడా కనిపించింది. తెలుగు, ఉర్దూ, హిందీ కలగలిసిన ఊరు కాబట్టే ఇది ఇక్కడ సాధ్యమైంది. రెండో భాషని ఏ కంపెనీ మాత్రగా చేసి అమ్మలేదు కదా. అందుకే ఇలాంటి వాటికి ప్రజల డబ్బే కావాలి.

"పీహెచ్‌సీలో బీపీ మాత్రలకే దిక్కు లేదు, ఇంక మెదడు పాలసీ ఒకటా?" అంటారేమో. అయ్యా, నెలనెలా ఆ బీపీ మాత్ర అందడమే మెదడు పాలసీ! బీపీ అదుపు తప్పితే పక్షవాతం. రక్తం గడ్డకట్టి వచ్చిన పక్షవాతమైతే, గడ్డ కరిగించే ఇంజెక్షన్ మామూలుగా నాలుగున్నర గంటల్లోపు పడాలి. దానికి ముందు స్కాన్ తియ్యాలి. 2005లో మన దగ్గరే మొదలైన 108 బండి ఇంటి ముందుకి వస్తుంది, బాగానే ఉంది. కానీ అది వెళ్ళే ఆస్పత్రిలో ఆ సమయానికి స్కాన్, ఇంజెక్షన్, డాక్టరు మూడూ ఉండాలి కదా. సర్వర్ పడిపోయాక బ్యాకప్ కోసం వెతికితే ఏం లాభం?

2022లో కర్ణాటక నిమ్హాన్స్‌తో కలిసి ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. తలనొప్పి, మూర్ఛ, పక్షవాతం, డిమెన్షియా గుర్తుపట్టేలా పీహెచ్‌సీ డాక్టర్లకి శిక్షణ ఇవ్వడం, జిల్లా ఆస్పత్రుల్లో మెదడు క్లినిక్కులు పెట్టడం. పక్క రాష్ట్రమే, చూసి నేర్చుకోడానికి మొహమాటమెందుకు?

మీ ఎమ్మెల్యే ఓట్లకొచ్చినప్పుడు రోడ్డు ఎప్పుడేస్తారని అడుగుతారుగా, జిల్లా ఆస్పత్రిలో రాత్రి రెండింటికి పక్షవాతం కేసు వస్తే చూసేవాళ్ళున్నారా అని కూడా అడగండి. ఈ ఆదివారం అమ్మానాన్నలకి ఫోన్ చేసినప్పుడు "భోంచేశారా" తర్వాత "బీపీ ఎంతుంది" అని కూడా అడగండి.