అనుభవం అడిగేవాళ్ళే అనుభవం ఇవ్వాలి

చదువుకుంటే ఉద్యోగం వస్తుందన్నారు, చదువుకున్నాం. సర్టిఫికెట్ ఉంటే వస్తుందన్నారు, అదీ తెచ్చుకున్నాం. ఇప్పుడు అనుభవం కావాలంటున్నారు. ఉద్యోగమే ఇవ్వకుండా అనుభవం ఎక్కడినుంచి వస్తుందో మాత్రం ఎవరూ చెప్పరు.

నేను టెక్కలిలో బి.ఎస్సి. చదివి, విశాఖలో మెడికల్ కోడింగ్ నేర్చుకుని, అమెరికాలోని ఏఏపీసీ సంస్థ పెట్టే సీపీసీ పరీక్ష పాసయ్యాను. డాక్టరు రాసిన వివరాలు చదివి, జబ్బుకీ చికిత్సకీ తగిన కోడు వేయడం ఈ పని. అమెరికాలో ఇన్సూరెన్సు కంపెనీలు ఆ కోడ్లను బట్టే ఆసుపత్రులకు డబ్బు చెల్లిస్తాయి. కొత్తగా పాసైనవాళ్ళ సర్టిఫికెట్ మీద 'ఏ' అనే అక్షరం ఉంటుంది. అప్రెంటిస్ అని అర్థం. రెండేళ్ళ పని అనుభవం, లేదా అందులో కొంతకు బదులుగా వారు ఒప్పుకునే శిక్షణ చూపేదాకా అది పోదు. అంటే, ఈమె ఇక పనిలో ఉండి నేర్చుకోవాలని పరీక్ష పెట్టినవాళ్ళే రాసిచ్చారన్నమాట. కంపెనీలు ఆ అక్షరాన్నే వంకగా చూపి తలుపు మూస్తున్నాయి.

నా ఫీజులు ఎక్కడినుంచి వచ్చాయి? పలాసలో జీడిపిక్కలు ఒలిచే మా అమ్మ చేతుల నుంచి. పెంకులోని నూనె అంటి వేళ్ళు నల్లబడి, చర్మం ఊడే పని అది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఉద్దానం కొబ్బరినీ జీడితోటలనూ కూల్చాక ఎన్నో కుటుంబాలకు చెట్టు ఆసరా పోయింది. పిల్లల చదువు మీద ఆశే మిగిలింది. ఆ ఆశనే కొన్ని శిక్షణా సంస్థలు 'నూటికి నూరు శాతం ఉద్యోగం' అని అమ్ముకుంటున్నాయి.

ఆడపిల్లకు ఈ ఎదురుచూపు ఖరీదు మరీ ఎక్కువ. మగపిల్లవాడు ఏడాది ఖాళీగా ఉంటే ప్రయత్నిస్తున్నాడంటారు. మనం ఆరు నెలలుంటే సంబంధాలు చూస్తారు. ఒక ఇంటర్వ్యూలో పని గురించి రెండు ప్రశ్నలడిగిన పెద్దమనిషి, పెళ్ళి గురించి నాలుగడిగాడు. ఆడవాళ్ళకు రాత్రి పని కుదరదని ఇంకో చోట పంపేశారు. రోగి ఇంటికెళ్ళాక చూసే కాగితాలకు రాత్రేమిటి, పగలేమిటి?

మూత్రపిండాల జబ్బు చివరి దశకు ఎన్18.6, డయాలిసిస్ మీద బతికే రోగికి జడ్99.2 అని మాకు నేర్పారు. ఉద్దానంలో అవి ఉత్త అంకెలు కావు, మన ఇరుగుపొరుగు. ఇప్పటికీ కారణం పూర్తిగా తేలని ఈ జబ్బు కోసమే 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధనా కేంద్రాన్నీ, 200 పడకల ఆసుపత్రినీ ప్రారంభించారు. తప్పుల్లేని రికార్డులు లేకుండా పరిశోధన ఎలా సాగుతుంది? ఆ పని నేర్చిన పిల్లలు ఈ ఊళ్ళలోనే ఉన్నారు. మా చదువు అమెరికా బిల్లులకేనా?

కాబట్టి అడుగుదాం. అనుభవం కోరే కంపెనీ జీతమిచ్చి నేర్పాలి. అప్రెంటిస్‌కు స్టైపెండు ఇవ్వాలని 1961 నుంచీ చట్టం ఉంది. ఉద్యోగం పేరుతో డబ్బు వసూలు చేయడం, ఒరిజినల్ సర్టిఫికెట్లు అట్టిపెట్టుకోవడం ఆగాలి. శిక్షణా సంస్థలు ఎంతమంది చేరారో, ఎంతమందికి ఉద్యోగాలొచ్చాయో ఏటా లెక్క ప్రకటించాలి. పలాస, టెక్కలి ప్రభుత్వ ఆసుపత్రుల రికార్డు విభాగాల్లో అప్రెంటిస్‌లను తీసుకోవాలి.

చెల్లెళ్ళారా, ఫీజు కట్టేముందు ఆ లెక్క అడగండి. ఒక్కరు అడిగితే విసుక్కుంటారు. పదిమందిమి కలిసి అడిగితే జవాబు చెప్పక తప్పదు.