చేతులు కాలక ముందే



చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభం లేదని పెద్దలు ఏనాడో చెప్పారు. కంప్యూటరు ముందు కూర్చోగానే మనం ఆ మాట మరచిపోతున్నాం.

నిరుడు పరీక్షల ముందు లాలాపేట్‌లోని నా గదిలో కంప్యూటరు డిస్కు ఉన్నట్టుండి పోయింది. ప్రాజెక్టు ఫైళ్లు పెన్‌డ్రైవులో ఉన్నాయి గదా అని ధీమాగానే ఉన్నాను. కొత్త డిస్కు వేశాక గాని అసలు కష్టం తెలియలేదు. ఆపరేటింగ్ సిస్టం ఎక్కించాలి, ప్రోగ్రాములు ఒక్కొక్కటే వెతకాలి, సెట్టింగులన్నీ గుర్తు తెచ్చుకోవాలి. పాత వెర్షను దొరకక, ఉన్న ఫైళ్లు కూడా తెరుచుకోలేదు. నాలుగు రోజులు గంగలో కలిశాయి. ఫైళ్లు దాచుకోవడం వేరు, మొత్తం సిస్టంను దాచుకోవడం వేరు!

క్లోనెజిల్లా వంటి ఉచిత సాఫ్ట్‌వేరుతో పెన్‌డ్రైవు నుంచే కంప్యూటరును లేపి, డిస్కును ఉన్నదున్నట్టు ఇమేజ్‌గా తీసి మరో డిస్కులో దాచవచ్చు. తిరిగి ఎక్కించే డిస్కు పాతదానికన్నా చిన్నది కాకుండా చూసుకోవాలి. అంతా క్లౌడ్‌లో ఉంది గదా అంటారు కొందరు. అది ఫైళ్లను కాపాడుతుందేమో గాని, పడిపోయిన యంత్రాన్ని లేపదు.

2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ సంస్థ పంపిన ఒక్క తప్పుడు అప్‌డేటుతో ప్రపంచమంతటా సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నిలిచిపోయాయి. ఫైళ్లు ఎక్కడివక్కడే ఉన్నాయి, యంత్రాలే లేవలేదు. మన శంషాబాద్ విమానాశ్రయంలో బోర్డింగు పాసు చేత్తో రాసివ్వాల్సి వచ్చింది. 2025 సెప్టెంబరులో దక్షిణ కొరియాలోని డేజాన్‌లో ప్రభుత్వ డేటా కేంద్రం అంటుకుని 858 టెరాబైట్ల సమాచారం పోయింది. దానికి బయట మరో ప్రతి లేదు.

ప్రతి ఉన్నంత మాత్రాన సరిపోతుందా? 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఉద్యోగి పొరపాటున అసలు డేటాబేసునే చెరిపేశాడు. ఐదు రకాల ఏర్పాట్లు ఉండీ ఒక్కటీ అక్కరకు సరిగా రాలేదు. ఆరు గంటల కిందట తీసిన ప్రతి ఒకటి దొరకబట్టి బతికిపోయారు.

మా నాయన విత్తనాలన్నీ ఒకే గుమ్మిలో పోయడు. కొన్ని మేనమామ ఇంట్లో ఉంచుతాడు. విత్తే ముందు తడిగుడ్డలో నూరు గింజలు కట్టి, ఎన్ని మొలిచాయో లెక్కపెడతాడు. మొలవని విత్తనం గుమ్మి నిండా ఉంటే ఏం లాభం? తిరిగి ఎక్కించి చూడని ప్రతీ అంతే!

ఇప్పుడు నా డిస్కు ప్రతి ఒకటి గదిలో, ఒకటి ఊళ్లో ఉన్నాయి. గదిలోదాన్ని పని కాగానే కంప్యూటరు నుంచి విడదీస్తాను. లేకుంటే యంత్రానికి పట్టిన వైరస్ దానికీ పడుతుంది. ఖర్చంటారా? ఒక గదిలో నలుగురు కలిస్తే ఒక డిస్కు కొనలేరా?

మన యూనియనుకు నాదొక్కటే మనవి. ఏటా పరీక్షలకు నెల ముందు ఒక రోజు కేటాయించి, అధ్యాపకుల సాయంతో, పాత యంత్రాల మీద మన ప్రతులను తిరిగి ఎక్కించి చూసుకుందాం. లేచిందే ప్రతి, లేవనిది ఒట్టి నమ్మకం.