కునికిపాటు బద్ధకం కాదు

“ఏమే, రాత్రంతా నిద్రపోలేదా, చేలో కునుకుతున్నావు?” నాట్ల రోజుల్లో గట్టు మీద గొడుగేసుకు నిలబడ్డ ఆసామి నోట ఈ మాట వినని కూలి మనిషి ఉండదు. ఎగతాళికన్న ఆ మాటలో ఆయనకే తెలియని నిజం ఒకటుంది. ఆమె నిజంగానే నిద్రపోలేదు. ఎందుకు పోలేదో మనం తెలుసుకోవాలి.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో రక్తహీనత ఉన్నవారు ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. దీనికి కారణాలు అనేకం. వాటిలో ఇనుము లోపం ముఖ్యమైనది. “రక్తం తక్కువ, అందుకే ఆయాసం” అని ఆసుపత్రిలో చెబుతారు. కాని ఇనుము పని రక్తంతోనే అయిపోదు. మెదడుకూ అది కావాలి.

మెదడులో ఒక నరకణం నుంచి మరోదానికి కబురు మోసే రసాయనాలున్నాయి. కాళ్ళూ చేతుల కదలికనూ, పనిలో హుషారునూ చూసేది డోపమిన్. మనసు నిబ్బరానికి తోడ్పడేది సెరటోనిన్. రాత్రయిందని ఒంటికి చెప్పే మెలటోనిన్ ఈ సెరటోనిన్ నుంచే తయారవుతుంది. డోపమిన్‌నూ, సెరటోనిన్‌నూ తయారుచేసే ఎంజైములు ఇనుము లేనిదే పనిచేయవు.

రక్తంలో తిరిగే ఇనుము మామూలుగా పొద్దున ఎక్కువ, రాత్రికి తక్కువ. డోపమిన్ పని కూడా రాత్రికి మందగిస్తుంది. ఒంట్లో ఇనుము నిల్వ ఉన్నవాళ్ళకు ఈ తేడా తెలియదు. నిల్వ అడుగంటినవాళ్ళలో కొందరికి మాత్రం పడుకోగానే బాధ మొదలవుతుంది. పిక్కల్లో చీమలు పాకినట్టు, లోపల్నించి గుంజినట్టు ఉంటుంది. లేచి నాలుగడుగులు వేస్తేగాని తెరిపి ఉండదు. కాస్త కన్ను మూతపడేసరికి లేవాల్సిన వేళవుతుంది. స్వీడన్ వైద్యుడు ఎక్‌బోమ్ 1945లోనే ఈ జబ్బును వివరంగా రాశాడు. గర్భిణుల్లో ఇది మరీ ఎక్కువ. మనం మాత్రం “రోజంతా నడుం వంచితే కాళ్ళు లాగవా” అని సరిపెట్టుకుంటున్నాం. పని వల్ల వచ్చిన నొప్పి పడుకుంటే తగ్గుతుంది. ఇది పడుకుంటేనే పెరుగుతుంది. తేడా అక్కడుంది.

ఇనుము ఎందుకు కరువైంది? నెలనెలా బహిష్టు, వెంటవెంట కాన్పులు, చెప్పుల్లేని కాళ్ళగుండా ఒంట్లో చేరే కొంకి పురుగులు. వీటికి తోడు అన్నం, పచ్చడి మెతుకులతో వెళ్ళే పూట. మరో మాట కూడా దాచకుండా చెప్పుకోవాలి. మగవాళ్ళూ పిల్లలూ తిన్నాక గిన్నెలో మిగిలిందే ఆమె వంతు. ఈ తప్పు ఆసామిది కాదు, మన ఇళ్ళది.

ప్రభుత్వం 1970లోనే ఐరన్ మాత్రల పథకం పెట్టింది. 2018లో దాన్నే కొత్త పేరుతో మొదలుపెట్టింది. ఇనుము కలిపిన రేషన్ బియ్యాన్ని 2028 డిసెంబరు దాకా ఇస్తామని 2024 అక్టోబరులో కేంద్ర మంత్రివర్గం నిర్ణయించింది. అయితే దేశంలో స్త్రీల రక్తహీనత 2015-16 సర్వేలో 53 శాతం, 2019-21 నాటికి 57 శాతం. మాత్రలతోపాటు కంచంలో పప్పు, ఆకుకూర, గుడ్డు, చేప కూడా పడాలి. అవి కొనాలంటే కూలి గిట్టాలి. సమాన పనికి సమాన కూలి అని 1976లో చట్టం వచ్చినా, ఎన్నో ఊళ్ళలో ఆడకూలికి ఇప్పటికీ కోతే.

కార్యకర్తలు చేయాల్సిన పని ఉంది. ప్రతి వాడలో హిమోగ్లోబిన్ పరీక్ష జరిపించాలి. అది బాగున్నా ఇనుము నిల్వ తక్కువగా ఉండొచ్చు. కాళ్ళ బాధతో నిద్రపట్టనివారికి ఫెరిటిన్ పరీక్ష కూడా చేయమని పెద్దాసుపత్రిలో అడగాలి. డాక్టరు రాసిన మాత్ర నిమ్మకాయ నీళ్ళతో వేసుకుంటే బాగా ఒంటబడుతుంది. టీతో వేసుకుంటే వృథా. విరేచనం నల్లగా వస్తే భయపడి మానేయొద్దని చెప్పాలి.

ఈసారి ఆసామి అదే మాట అడిగితే మన అక్కచెల్లెళ్ళు తల వంచుకోనక్కర్లేదు. “అవునయ్యా, నిద్రపోలేదు. ఒంటికి చాలినంత తిండి కొనుక్కునే కూలి ఇస్తే పోతాం” అనొచ్చు. ఆ మాట ఒక్కతే అంటే ఎగతాళి అవుతుంది. నాటు వేసేవాళ్ళంతా కలిసి అంటే కూలి రేటవుతుంది.