అంగడిబల్లపై రహస్యసంఖ్య

"పిన్ను చెప్పండి" అను మాట మన అంగళ్లలో మర్యాదవాక్యమై పోయినది. గుమాస్తా కార్డు పుచ్చుకొనును. బిల్లింగు సాఫ్టువేరు చూపిన మొత్తమును కంటితో చూచి, దానినే స్వైపింగు మిషనులో వ్రేలితో మరల కొట్టును. పిదప తల యెత్తకయే పిన్ను నడుగును. కొనుగోలుదారు నలుగురు వినుచుండగా ఆ నాలుగంకెలను పలుకును. పిఠాపురములోనే కాదు, కాకినాడలోను రాజమహేంద్రవరములోను గూడ ఈ యాచారము కానవచ్చుచునే యున్నది. దీనివలన కలుగు నష్టము ఎవరి నెత్తిన పడుచున్నదో, దీనిని మాన్పుటకు వర్తకులును బ్యాంకులును ఏమి చేయవలసియున్నదో మన పట్టణవాసులు ఒకమారు నిదానించి యోచింపవలెను.

మొదట చట్టము మాట. డెబిటు కార్డుతో అంగడిలో చెల్లించునపుడు పిన్ను తప్పక కొట్టవలెనను నియమము 2013వ సంవత్సరము డిసెంబరు 1వ తేదీ నుండి అమలులోనికి వచ్చినది. ఖాతాదారుల బాధ్యతను గూర్చి భారత రిజర్వు బ్యాంకువారు 2017 జూలై 6వ తేదీన ఒక ఉత్తరు విచ్చిరి. లోపము బ్యాంకుదైనచో ఖాతాదారునకు బాధ్యత లేదనియు, లోపము ఇరువురిదియు గాక నడుమ మరియొకచోట నున్నయెడల, వర్తమానము వచ్చిన మూడు పనిదినములలో బ్యాంకునకు తెలిపినవానికి అప్పుడును బాధ్యత లేదనియు ఆ యుత్తరువు నిర్ణయించినది. కాని ఖాతాదారుడు తన రహస్యములను తానే యితరులకు వెల్లడించినచో, బ్యాంకునకు తెలుపువరకు జరిగిన నష్టమంతయు అతడే భరింపవలెను. అతని తప్పును ఋజువుచేయు భారము బ్యాంకుదే యని ఆ యుత్తరువే చెప్పినది, నిజమే. అయినను "అంగడిలో పిన్ను నోటితో చెప్పితిరా?" యని యడిగినప్పుడు సత్యము పలుకువా డేమనును? "చెప్పితి"ననును. ఆ యొక్క మాటతో బ్యాంకు ఋజువు చేయవలసినది సగము తీరిపోవును. అడిగినవాడు వర్తకుని గుమాస్తా. మిషను నిచ్చినది బ్యాంకు. దానిని కొనుగోలుదారు చేతి కందకుండ బల్లకు లోపలివైపున పెట్టినది ఆ యిరువురిలో ఒకరు. శిక్షమాత్రము చెప్పినవానికి!

ఇక్కడ నొక చిన్నమాట. సూర్యరాయాంధ్ర నిఘంటువునకు పోషకుడైన మహారాజు ఏలిన ఊర నుండియు నేను ఈ యంత్రమునకు తగిన తెలుగుపేరు చెప్పజాలక స్వైపింగు మిషననియే వ్రాయుచున్నాను. ఆ యింగ్లీషు పేరును ఇప్పుడు సరికాదు. స్వైపు చేయుట, అనగా కార్డును గాడిలో గీయుట, అయస్కాంతపు పట్టీ కాలమునాటి పని. ఆ పట్టీలో నున్నది ఎప్పుడును మారని వ్రాత. ఒకమారు నకలు తీసినవాడు ఎన్నిమారులైనను వాడుకొనవచ్చును. చిప్పు అట్టిది కాదు. అది వ్రేలిగోరంత గణకయంత్రము. తన తాళపుచెవిని తనలోనే దాచుకొని, ప్రతి చెల్లింపునకును కొత్త గూఢసంఖ్యను కట్టి బ్యాంకునకు పంపును. నిన్నటి సంఖ్య నేడు చెల్లదు. ఫ్రాన్సుదేశమువారు 1992 నాటికే తమ బ్యాంకు కార్డు లన్నిటిలో చిప్పులు పెట్టిరి. మన దేశములో పట్టీ కార్డులను తీసివేసి చిప్పు కార్డుల నిచ్చుటకు రిజర్వు బ్యాంకువారు విధించిన గడువు 2018 డిసెంబరు 31.

చిప్పు వచ్చినది గదా, ఇక భయ మేమి యని పలువురనుకొనుచున్నారు. ఇది అరకొర తెలివి. చిప్పు, కార్డు దొంగకార్డు కాదని ఋజువు చేయునే గాని, కార్డు సంఖ్యను దాచదు. సంఖ్యయు గడువు తేదియు చిప్పునుండి యంత్రమునకు సాధారణముగా తెరచిన జాబువలెనే చేరును. దానిని కవరులో పెట్టి లక్కముద్ర వేయుట యంత్రము పని. మంచి యంత్రము కార్డు తనలోనికి వచ్చిన క్షణముననే ఆ సంఖ్యను గూఢలిపిలోనికి మార్చును. ఒక్కొక్క చెల్లింపునకు ఒక్కొక్క తాళపుచెవి, వాడినది మరల వాడదు. ఎవడైనను యంత్రమును విప్పజూచినచో లోపలి తాళపుచెవులు తమంతట తామే చెరిగిపోవును. అనగా, చిప్పు వేషధారిని పట్టుకొనును. గూఢలిపి చాటున పొంచియుండువానిని ఆపును. ఒకదానికి బదులుగా మరియొకటి పనికిరాదు.

లక్కముద్ర లేనప్పుడు ఏమి జరుగునో లోకము 2013లో చూచినది. అమెరికాలో టార్గెట్ అను గొప్ప అంగళ్ల సంస్థలో ఆ సంవత్సరము నవంబరు 27 మొదలు డిసెంబరు 15 వరకు, పండుగ అమ్మకముల రద్దీలో, సుమారు నాలుగుకోట్ల కార్డుల వివరములు దొంగలపాలైనవి. దొంగలు శీతలయంత్రములు బాగుచేయు గుత్తదారునకిచ్చిన ప్రవేశాధికారముతో లోపల ప్రవేశించి, బిల్లు వేయు కంప్యూటర్లలో ఒక దుష్ట సాఫ్టువేరును నాటిరి. ఆ కంప్యూటరు జ్ఞాపకములో కార్డు వివరములు విప్పియున్నది రెప్పపాటే. ఆ రెప్పపాటే చాలినది. మన దేశమునకును ఈ యనుభవము క్రొత్త కాదు. 2016 అక్టోబరులో సుమారు 32 లక్షల డెబిటు కార్డులు ప్రమాదమున పడినవని బయటపడగా బ్యాంకులు లక్షలకొలది కార్డులను మార్చియిచ్చినవి, పిన్నులు మార్చుకొనుడని బ్రతిమాలినవి. ఏటీఎములకు వెనుక నుండి సేవచేయు సంస్థ యంత్రములలో దుష్ట సాఫ్టువేరు చొరబడుటయే దానికి మూలము.

ఇప్పుడు అసలు ప్రశ్న. బిల్లు వేయు సాఫ్టువేరును, కార్డు చదువు యంత్రమును కలుపవలెనా, వద్దా? కలిపిన ప్రమాదమనియు, వేరుగా నుంచుటయే క్షేమమనియు కొందరు వర్తకులు వాదించుచున్నారు. వేరుగా నుండుటచే కలుగు ఫలము నేనెరిగిన యొక వ్యవహారమున చూచితిని. ఒక బట్టల దుకాణములో బిల్లు 4,650 రూపాయలు. గుమాస్తా రద్దీలో మిషనుపై కొట్టినది 46,500. కొనుగోలుదారు గ్రామాంతరమువాడు, సెల్లుఫోను సందేశము మరునాటివరకు చూచుకొనలేదు. సొమ్ము తిరిగివచ్చుటకు నెలలు పట్టినది. మిషను ఇచ్చిన స్లిప్పు అప్పటికి తెల్లకాగితమైపోయినది. వేడికి అచ్చుపడు ఆ కాగితముపై అక్షరములు ఆషాఢపు టెండకే ఆగవు. కాగితము తెలుపైనపిమ్మట వకీలేమి చేయగలడు? పైగా 2021 జనవరి 1 నుండి అయిదువేల రూపాయలవరకు పిన్ను లేకయే కార్డును తాకించి చెల్లించుటకు అనుమతి కలిగినది. అట్టి చెల్లింపులో గుమాస్తా వ్రేలికి తప్ప వేరు కాపు లేదు.

కావున కలుపవలసినదే. కాని కలుపుటలో రెండు మార్గము లున్నవి. ఈ భేదమును గ్రహింపక పోవుటయే చిక్కు. మొదటి మార్గమున కార్డు వివరములు యంత్రమునుండి బిల్లింగు సాఫ్టువేరులోనికి వచ్చి, అక్కడనుండి బ్యాంకునకు పోవును. ఇది టార్గెట్ వారు పోయిన త్రోవ. రెండవ మార్గమున సాఫ్టువేరు యంత్రమునకు ఒక్క మొత్తమును మాత్రమే పంపును: "ఈ బిల్లు సంఖ్యకు 4,650 రూపాయలు వసూలు చేయుము." యంత్రము ఆ మొత్తమును కొనుగోలుదారునకు చూపి, కార్డు చదివి, పిన్ను నడిగి, గూఢలిపిలో బ్యాంకుతో తానే మాటలాడి, సాఫ్టువేరునకు తిరిగి చెప్పునది "చెల్లినది", లేదా "చెల్లలేదు" అను మాట, బ్యాంకు లావాదేవీ సంఖ్య, కార్డు చివరి నాలుగంకెలు, అంతియే. కంప్యూటరులో దొంగ దూరినను వానికి దొరకునది చీరల ధరలు. గుమాస్తా మొత్తమును రెండవమారు కొట్టడు. బ్యాంకు సంఖ్య బిల్లుతోకూడ నిలిచియుండును గనుక స్లిప్పు వెలిసినను సాక్ష్యము వెలియదు. అన్నిటికంటె ముఖ్యముగా, యంత్రము బల్లకు ఆవలివైపునకు తిరుగును. గుమాస్తాకు దానిపై కొట్టవలసినదేమియు లేనప్పుడు అది అతనివైపు ఏల యుండవలెను? కొనుగోలుదారు తన పిన్నును తన వ్రేలితో తానే కొట్టుకొనును.

ఈ రెండవ మార్గమునను ఒక గండమున్నది. దానిని దాచిపెట్టి పొగడుట న్యాయము కాదు. బ్యాంకు సొమ్ము తీసికొనినపిమ్మట, యంత్రము ఆ మాట సాఫ్టువేరునకు చెప్పకమునుపే, కరెంటో ఇంటర్నెట్టో పోయినదనుకొనుడు. (మన ఊళ్లో ఇది "అనుకొనుట" కాదు.) సాఫ్టువేరు "చెల్లలేదు" అని తలచును, గుమాస్తా "మరల పెట్టండి" అనును, ఒక చీరకు రెండు వెలలు. అట్లు సొమ్ము పోయి స్లిప్పు రానప్పుడు అయిదుదినములలో దానంతట అది తిరిగి రావలెననియు, ఆలస్యమునకు దినమునకు నూరురూపాయల చొప్పున పరిహార మీయవలెననియు రిజర్వు బ్యాంకువారు 2019 సెప్టెంబరు 20వ తేదీన ఉత్తరువు చేసిరి. ఆ నూరు రూపాయలను అడిగి పుచ్చుకొన్నవారిని నేనింతవరకు చూడలేదు. అడుగవచ్చునని తెలిసినవారే అరుదు. సాఫ్టువేరు వ్రాయువారు చేయవలసినది స్పష్టము: జవాబు రానప్పుడు "చెల్లలేదు" అని తీర్మానింపక, మునుపటి బిల్లు సంఖ్యతో "దానిగతి యేమి?" అని యంత్రమునో బ్యాంకునో అడిగి, నిశ్చయమైన జవాబు వచ్చినపిదపనే రెండవమారు కార్డు నడుగవలెను. ఈ యొక్క నియమమును పాటింపని సాఫ్టువేరు ఎంత అందముగా నున్నను కొనదగదు.

మన వర్తకులు ఇది యేల చేయరని నిందించుటకు ముందు, వారి చేతులు కట్టినవారెవరో చూడవలెను. ఒక కంపెనీ యంత్రము మాటలాడు భాష మరియొక కంపెనీ యంత్రము మాటలాడదు. కాకినాడలో బిల్లింగు సాఫ్టువేరు వ్రాయు మన పిల్లవాడు ఒక యంత్రముతో కలుపుటకు శ్రమపడి, వర్తకుడు బ్యాంకు మార్చగానే మరల మొదటికి రావలెను. ఫలితముగా వర్తకుడు యంత్రమిచ్చిన కంపెనీకి కట్టుబడును, లేదా కలుపుట మానుకొనును. ఇది పరాధీనత కాక మరేమి?

ఈ మాట ఆంధ్రులకు క్రొత్తగా చెప్పనక్కరలేదు. 1923లో మచిలీపట్టణమున భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు ఆంధ్రాబ్యాంకును స్థాపించినది, మన సొమ్ము మన చేతిమీదుగా నడువవలెనను తలంపుతోనే గదా. ఆ బ్యాంకు 1981లోనే, ఈ దేశమున క్రెడిటు కార్డుల ఆరంభదశయందే, తన కార్డును వెలువరించినది. 2020 ఏప్రిల్ 1న అది యూనియన్ బ్యాంకులో కలసి పేరు కోల్పోయినది. తెలుగువారిలో ఎందరు దానికై బెంగపెట్టుకొనిరో తెలియదు. హైదరాబాదులో రిజర్వు బ్యాంకువారు 1996లో నెలకొల్పిన బ్యాంకింగు సాంకేతిక పరిశోధనసంస్థ 2004లో ఏటీఎముల నన్నిటిని కలుపు జాతీయ స్విచ్చిని నడపినది. 2012లో రూపే కార్డు వచ్చినది. చెల్లింపుల వివరములు ఈ దేశమందే నిలువచేయవలెనని 2018 ఏప్రిల్ 6న ఉత్తరువు వచ్చినది. దానిని పాటింపలేదని మాస్టరుకార్డు వారు క్రొత్త ఖాతాదారులను చేర్చుకొనరాదని రిజర్వు బ్యాంకువారు 2021 జూలైలో ఆంక్ష పెట్టి, 2022 జూనులోగాని తొలగింపలేదు. ఢిల్లీ, బొంబాయి మెట్టున స్వాతంత్ర్యము ఇంత సాధించినవారము, అంగడిబల్లపై జానెడు తీగె పొడవున పరాధీనులమై యుండుట వింత కాదా? ఏ బ్యాంకు యంత్రమైనను ఏ సాఫ్టువేరుతోనైనను ఒకే బహిరంగ భాషలో మాటలాడవలెనని రిజర్వు బ్యాంకువారు శాసింపవలెను. యూపీఐ విషయమున ఇది జరిగినది; 2016 నుండి ఏ యాపునుండి యే ఖాతాకైనను సొమ్ము పోవుచునే యున్నది. కార్డు యంత్రములకు ఆ ధర్మమేల చెల్లదు?

యూపీఐ వచ్చినపిమ్మట కార్డులతో పనియేమి యని అడుగుదురు. చిల్లరబేరములో పని తగ్గినమాట వాస్తవము. కాని ఉప్పాడ జాందానీ చీర కొనువాడు వేలరూపాయలు వెచ్చించును. క్రెడిటు కార్డు తీయును. అమెరికానుండి వచ్చిన మన ఆడపడుచు ఆ దేశపు కార్డునే తీయును. ఆ బేరము పోగొట్టుకొనుటకు నేతగాని యింట సిద్ధముగా నున్నవారెవరు? పైగా యూపీఐ చెల్లింపునందును ఇదే లోపము: మొత్తమును కొనుగోలుదారు చేత కొట్టించి, గుమాస్తా గోడమీది స్పీకరు పలుకులకై చెవియొగ్గి నిలుచుచున్నాడు. బిల్లు సాఫ్టువేరే మొత్తముతోకూడిన క్యూఆరు గుర్తును చూపినచో ఆ బాధయు తీరును.

పిఠాపురపు వర్తకసంఘమువారు శాసనములకొరకు కాచుకొననక్కరలేదు. రాబోవు సంక్రాంతి అమ్మకములకు ముందే వారు చేయగలిగిన పనులున్నవి. యంత్రమును బల్లకు ఆవలివైపున పెట్టించుటకు కానిఖర్చు లేదు. గుమాస్తా పిన్ను నోటితో అడుగరాదని దుకాణములో బోర్డు కట్టించుట అంతకంటె సులభము. సాఫ్టువేరునకు ఏటేట సొమ్ము కట్టు సమయమున, కార్డు సంఖ్య తమ కంప్యూటరులోనికి వచ్చునా రాదా యని అమ్మినవానిని వ్రాతమూలకముగా అడుగవలెను. వ్రాసి యిచ్చుటకు వాడు వెనుదీసినచో ఆ యేటి సొమ్మును నిలిపి, ఆ జాబు నకలును బ్యాంకు మేనేజరుగారికి పంపవలెను.